కోసేసిన వాన

సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశానని చెప్తే అందరూ ఒకటే అంటారు, అన్ని సినిమాలూ ఊరికే చూసి ఉంటావు, అదృష్టవంతుడివి అని. నిజం చెప్తే నవ్వుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి కొన్నేళ్లు నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. చూసిందల్లా తెర కుడివైపు పైమూల. అప్పట్లో సినిమా రీళ్లుగా వచ్చేది. ఒక రీలు అయిపోవచ్చేముందు ఆ మూలలో చిన్న చుక్క మెరిసేది. అది కనపడగానే పక్కనున్న రెండో ప్రొజెక్టర్ మీదికి మారాలి. చుక్క తప్పిపోతే తెర తెల్లబడుతుంది, కింద జనం ఈలలు వేస్తారు, మెట్లెక్కి మేనేజరు వస్తాడు. అందుకని హీరోయిన్ ఏడుస్తున్నా, ఇల్లు తగలబడుతున్నా నా కళ్లు ఆ మూల వదిలేవి కావు.

ఈ మధ్య కొత్త హాళ్లలో పనిచేసేవాళ్లు కొందరు కలిసి, పాతరోజుల సంగతి ఏదైనా రాయమన్నారు. ప్రొజెక్టర్ల గురించి రాస్తే మీకు పనికిరాదు, ఇప్పుడు ఆ ప్రొజెక్టర్లే లేవు. అందుకని ఒక వాన సంగతి రాస్తున్నాను.

తొంభైల్లో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు వచ్చే సందుల్లో ఒక పాత హాలుండేది. పెద్ద సినిమాలన్నీ క్రాస్ రోడ్స్ దగ్గరి హాళ్లకు పోయేవి. అక్కడ ఆడి అలిసిపోయినవి, లేదంటే ఎక్కడా ఆడనివి మాకు దక్కేవి. నేను పుట్టింది, పెరిగింది చిక్కడపల్లిలోనే. లైబ్రరీ వెనక సందులో కిరాయి ఇంట్లో కాపురం. డ్యూటీకి నడిచి వెళ్లేవాణ్ని.

మా హెడ్ ఆపరేటర్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ప్రొజెక్టర్ గదిలో కొలిమి దగ్గర నిలబడ్డంత వేడి. రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట పుట్టించి, ఆ వెలుగునే తెర మీదికి పంపేవాళ్లం. మేమంతా బనియన్లతో పనిచేస్తుంటే ఆయన మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఎందుకంత కష్టం అని అడిగితే, పెండ్లికి పోయేటోడు మంచి బట్టలు కట్టుకోడా అని నవ్వేవాడు.

ఆయనకొక అలవాటుండేది. కొత్త సినిమా వచ్చినరోజు పొద్దున, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, సౌండు తీసేసి ఒక రీలు నడిపేవాడు. ఫోకస్ సరిచూడ్డానికని పేరు. ఒకరోజు నన్ను కిందికి పంపి హాలు మధ్యలో కూర్చోమన్నాడు. రీలు అయిపోయాక పైకి పిలిచి, ఏం కనిపించిందని అడిగాడు. హీరోయిన్ వాళ్ల నాన్నకు చాయ్ ఇచ్చిందని చెప్పాను. ఆమె ముఖం మీద వెలుగు ఎటునుంచి పడిందని అడిగాడు. నేను తిరిగి తెర వైపు చూశాను.

"నీకు కనవడ్తుంది గని నువ్వు చూస్తలేవు," అన్నాడు. "చూసుడు వేరే పని, బేటా."

మళ్లీ కిందికి పంపాడు, అదే రీలు మళ్లీ వేశాడు. ఎడమవైపు కిటికీ ఉంది. తండ్రి ముఖం వెలుగులో ఉంది, కూతురిది సగం నీడలో. చాయ్ గ్లాసు చేతులు మారేటప్పుడు మాత్రం ఆమె వెలుగులోకి వంగింది. ఆ తర్వాత ఆమె ఇల్లు వదిలిపోతుంది. ఆ సంగతి కథలో ఎవరూ చెప్పకముందే ఆ కిటికీ నాకు చెప్పినట్టయింది. కొన్నేళ్లుగా రోజుకు నాలుగాటలు నడుపుతున్న మనిషిని, మొదటిసారి సినిమా చూశాను.

ఇట్లా మొదలైంది. దాంతో నా జీతమేం పెరగలేదు. ఇంట్లో మాత్రం మా ఆవిడ కొత్తగా తలపట్టుకునేది. తీగ మీద బట్టలు ఆరేస్తూ ఎర్రచీర పక్కన పచ్చతువ్వాలు వద్దని నేను మార్చబోతే, ఈయనకు ఏదో అయిందని వాళ్లక్కతో అందట. ఆదివారం కోఠి వెళ్లి, పాతపుస్తకాల గుట్టలో అట్ట ఊడిన బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అందులో అక్షరం ముక్క నాకు అర్థం కాదు. బొమ్మలు చూసేవాణ్ని. ఒక బొమ్మలో ఒకామె కిటికీకి వీపు పెట్టి కూర్చుని కుడుతూ ఉంటుంది. చాలారోజులు దాన్ని చూశాక ఒకనాడు తలెత్తితే మా ఆవిడ అట్లాగే కూర్చుని బియ్యం ఏరుతోంది. బియ్యం ఏరేవాళ్లు వెలుగుకు ఎదురుగా కూర్చోవాలి కదా అనిపించింది. అడిగితే ముందు ఏమీలేదంది. తర్వాత చెప్పింది, వెలుగు చూస్తే కళ్లు నొప్పి పెడుతున్నాయని, చాలారోజులుగా ఇంతేనని, నన్ను పరేషాన్ చేయడమెందుకని చెప్పలేదని. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. బొమ్మల పుస్తకం ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే నేను ఇదొక్కటే చెప్తాను.

ఇక వాన సంగతి. ఒక వేసవిలో మాకు రావాల్సిన సినిమా ఏదో ఆలస్యమై, ఆ వారం ఖాళీ నింపడానికి ఒక చిన్న సినిమా వచ్చింది. పేరున్నవాళ్లెవరూ లేరు. ఒక చిన్న ఊళ్లో ఒకామె బతుకు. అందులో సగం దాటాక ఒకచోట ఆమె బస్సు కోసం రేకుల షెడ్డు కింద నిలబడి ఉంటుంది. మాటల్లేవు, పాట లేదు. ఆకాశం మబ్బేస్తుంది. దుమ్ము లేస్తుంది. ఎండకు కాలిన రోడ్డు మీద మొదటి చినుకులు పడి, పడ్డచోటల్లా నల్లబడుతుంది. చినుకు చినుకు కలిసి రోడ్డంతా రంగు మారుతుంది. రేకుల అంచు నుంచి ధార కడుతుంది. బస్సు వచ్చి ఆగి వెళ్లిపోతుంది. ఆమె ఎక్కదు. చూస్తూ నిలబడుతుంది. అంతే. పొద్దున ఖాళీ హాల్లో ఆ రీలు వేసినప్పుడు, సౌండు తీసేయడం ఉస్తాద్ మరిచిపోయాడు. లేదా మరిచిపోయినట్టు నటించాడు. రేకుల మీద వాన చప్పుడు వింటూ మేమిద్దరం కదలకుండా ఉండిపోయాం.

మాట్నీకి మాత్రం ఆ వాన మొదలైన కాసేపటికే ఈలలు. ఫస్ట్ షోలో ఎవరో కుర్చీ చెయ్యి విరగ్గొట్టారు. మర్నాడూ అదే గోల. మేనేజరు పైకి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చిక్కడపల్లి మనిషే, బీకాం చదివాడు, చేతిరుమాలుతో మాటిమాటికీ మెడ తుడుచుకునేవాడు. ఆ వాన ముక్క కోసేయమన్నాడు. సినిమా తెచ్చిన ఏజెంటుతో మాట్లాడాననీ, ఆయన సరేనన్నాడనీ చెప్పాడు. అప్పట్లో అది వింత కాదు. ఆట ఆలస్యమవుతుంటే పాటలు కోసేవాళ్లు, ఏడుపులు కోసేవాళ్లు.

ఉస్తాద్ ప్రొజెక్టర్ తుడుస్తూనే, కోయనన్నాడు.

"నాక్కూడ పైన ఓనర్ ఉన్నడు, ఉస్తాద్," అన్నాడు మేనేజరు. "కుర్చీలు ఇరుగుతుంటె నేనేం జవాబు చెప్పాలె?"

"సాబ్, ఆ ముక్కల ఖరాబున్నదంటె నేనే కోస్త. ఖరాబేం లేదు. మనకే ఓపిక లేదు."

మాటా మాటా పెరగలేదు. అట్లాగైతే ఈ సినిమా పోయేదాకా ఇంట్లో ఉండమన్నాడు మేనేజరు, నెమ్మదిగానే. ఉస్తాద్ గుడ్డ మడిచి పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని, నా భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కి, మెట్లు దిగిపోయాడు. ఆ వయసులో, అన్నేళ్ల సర్వీసు తర్వాత, ఇంట్లో ఉండమంటే మళ్లీ రమ్మంటారన్న నమ్మకం లేదని మా ఇద్దరికీ తెలుసు. నేనూ కోయనని అనబోతున్నాను, మేనేజరు నా వైపు కూడా చూడలేదు. వేరే హాలు నుంచి ఒక ఆపరేటర్‌ను పిలిపించాడు. ఆయన వచ్చి, చాయ్ తాగి, వాన కోసి, అటూ ఇటూ ఉన్న కొసలు అతికించి పోయాడు. బుట్టలో పడేసిన ముక్కను నేను చుట్టి ఒక ఖాళీ డబ్బాలో పెట్టాను. అందులో గొప్పతనమేం లేదు. సినిమా తిప్పి పంపేటప్పుడు మళ్లీ అతికించి పంపాలన్నది మా పద్ధతి.

ఆ తర్వాత ఈలలు ఆగిపోయాయి. ఆకాశం మబ్బేసేది, వెంటనే తడిసిన రోడ్డు మీద ఆమె నడిచిపోతూ కనపడేది. రోడ్డెందుకు తడిసిందని ఎవరూ అడగలేదు. అట్లాగని జనమూ పెరగలేదు. మేనేజరు రెండుసార్లు పైకొచ్చి, చూసినవా, ఒక్కలన్న అడిగిండ్రా అన్నాడు. ఉస్తాద్ స్టూలు ఖాళీగా ఉండేది. దాని మీద కూర్చోబుద్ధి కాక నిలబడే నాలుగాటలూ నడిపేవాణ్ని.

సినిమా మారడానికి ముందురోజు మాట్నీ వదిలాక, చాయ్ కోసం కిందికి దిగాను. జనం వెళ్లిపోయారు. మేనేజరు గది ముందర వరండాలో మాత్రం కొందరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. చీర కొంగుల మీద, జుట్టు మొదళ్లలో సిమెంటు బూడిద. అశోక్ నగర్‌లో అప్పుడు పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఆ పనులకు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. ముందురోజు స్లాబు వేశారట, అందుకని ఆ పూట సెలవు. గేటు దగ్గరి మనిషి వాళ్లను పంపేయాలని చూస్తున్నాడు. వాళ్లు పోవడం లేదు. వాళ్లలో ముప్పై దాటిన ఒకామె, పక్కన వాళ్లత్త కావచ్చు, ముసలమ్మను చేయి పట్టుకుని నిలబెట్టుకుంది. మేనేజరు బయటికి వచ్చి ఏంది సంగతని అడిగాడు.

"సారూ, నడుమ వాన రావాలె," అన్నదామె. "ఏడ వొయింది?"

మేనేజరుకు ముందు అర్థం కాలేదు. ఆమె చెప్పింది, మొదటిరోజు పెనిమిటితో వచ్చి చూశానని, ఆయన నిద్రపోయాడని, తను వాన చూసిందని, ఇవాళ అత్తకు చూపిద్దామని, తోటి పనివాళ్లను కూడా వెంటపెట్టుకొచ్చానని. సినిమా మరీ పొడుగైందని ఆ ముక్క తీసేశామన్నాడు మేనేజరు. రేపు కొత్త సినిమా వస్తుంది, అందరినీ ఊరికే పంపిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, కొత్త బొమ్మ కోసం రాలేదంది. మేనేజరుకు కాస్త విసుగొచ్చింది. వాన బయట పడదా అమ్మా, దానికి టిక్కెట్టు కొని లోపలికి రావాలా అన్నాడు.

ఆమె కోపగించుకోలేదు. తనలో తాను వెతుక్కుంటున్నట్టు చెప్పింది.

"బయట వానొస్తె సిమెంటు బస్తాలు తడుస్తయని ఉరుకుడే, సారూ. ఒక్కనాడన్న నిలవడి చూసింది లేదు. ఆ బొమ్మల ఆమె నిలవడి చూసింది. ఆమెతోని నేను గూడ చూసిన. తెల్లారి గోడకు నీళ్లు కొడ్తుంటె, ఎండకు ఆ నీళ్లు మెరుసుకుంట కిందికి జారుతున్నయి. ఇన్నేండ్ల సంది కొడ్తున్న, ఎన్నడు చూడలె." ఆగి, కొంచెం సిగ్గుపడుతూ అంది, "చూసుకుంట నిలవడితె మేస్త్రి తిట్టిండు. తిట్టినా మంచిగనిపిచ్చింది."

కొత్తగా కట్టిన గోడకు రోజూ నీళ్లు పట్టాలి, లేకపోతే బీటలిస్తుంది. ఇళ్లు కట్టేవాళ్లంతా చేసే పని. దాని గురించి ఎవరైనా ఇట్లా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. మేనేజరు చేతిరుమాలు తీశాడు, కానీ మెడ తుడుచుకోలేదు. అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి నా వైపు తిరిగి, ఆ ముక్క పారేసినవా అని అడిగాడు. డబ్బాలో ఉందన్నాను.

ఆ ముక్క నేనే వేయగలను. ఆ మాట ఆయనకూ తెలుసు. అయినా ఆయన స్కూటరు తాళం తీసుకుని, వెనక కూర్చోమన్నాడు. ఆడవాళ్లను హాల్లో కూర్చోబెట్టమని గేటు మనిషికి చెప్పాడు.

ఉస్తాద్ ఇల్లు దగ్గరే, నారాయణగూడ మార్కెట్ వెనక ఇరుకు సందులో. మేం వెళ్లేసరికి ఆయన గడప మీద కూర్చుని వాళ్లింటి ఆవిడకు వెల్లుల్లి పొట్టు తీసిపెడుతున్నాడు. మేనేజరు స్కూటరు దిగి నిలబడ్డాడు. తప్పయిపోయిందనడం ఆయనకు చేతకాదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఆడోళ్లు వాన అడుగుతున్నరు, ఉస్తాద్," అన్నాడు.

ఉస్తాద్ ఆయన ముఖంలోకి చూశాడు, తర్వాత నా ముఖంలోకి. ఎవరు, ఏమిటి అని అడగలేదు. చేటను పక్కకు జరిపి, లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మణికట్టు దగ్గరి గుండీలు మాత్రం దారిలో, నడుస్తూ పెట్టుకున్నాడు. ముగ్గురికి స్కూటరు చాలదని మేనేజరు దాన్ని తోసుకుంటూ మాతో నడిచొచ్చాడు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ ఆ హాల్లోకి వెళ్లాక బయటికి రావాలనిపించదు. ఆ సినిమా మర్నాడు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకే హాల్లోనూ ఆడినట్టు నాకు తెలీదు. వాన అతికించే పంపాం. ఉస్తాద్ కళ్లు సహకరించినంతకాలం మా హాల్లోనే పనిచేశాడు. మేనేజరు మారిపోయాడని చెప్పను, ఆ తర్వాత కూడా కొన్ని సినిమాలు కోయించాడు. కాకపోతే కోయించే ముందు పొద్దున వచ్చి, ఖాళీ హాల్లో మాతో కూర్చుని ఆ ముక్క చూసేవాడు. చూశాక కొన్నిసార్లు, ఉండనీయండి అనేవాడు. కొన్నాళ్లకు, ఆ కిటికీ భలే పెట్టిండు కదా ఉస్తాద్ అనడం కూడా నేర్చుకున్నాడు. ఆ ఆడవాళ్లు మళ్లీ హాలుకు రాలేదు. బిల్డింగు అయిపోతే వాళ్లు ఇంకో చోటికి పోతారు. వాళ్లు కట్టిన ఇల్లు అశోక్ నగర్‌లో ఏదో నాకు తెలీదు. ఆ దారిన పోయినప్పుడల్లా ఒక్కో గోడ ముందు నా నడక మెల్లబడుతుంది. నా ఉద్యోగంలో నేను చూపించినవాటిలో ఎక్కువమందికి నచ్చినవి చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటి పేర్లు కూడా మరిచిపోయాను.

ఆ సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి వాళ్లు నేల టికెట్టు బెంచీల మీద ముందువరసలో కూర్చుని ఉన్నారు. బాల్కనీలో ఫ్యాన్లున్నాయి, పైకి వెళ్లి కూర్చోండని మేనేజరు చెప్పాడు. ఈడనే మంచిగున్నది, వాన మీద వడ్తదని ఆమె నవ్వింది. పైన ఉస్తాద్ ఆ ముక్కకు ముందు కొంత ఖాళీ ఫిల్మ్ అతికించి ప్రొజెక్టర్‌కు ఎక్కించాడు. మంట వెలిగించి, తెర కనపడే గోడ రంధ్రం దగ్గరికి నన్ను రమ్మని సైగ చేశాడు. అంత పెద్ద హాల్లో వాళ్ల తలలు మాత్రమే కనపడుతున్నాయి. మబ్బేసింది. దుమ్ము లేచింది. మొదటి చినుకు పడగానే ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. రేకుల మీద చప్పుడు హాలంతా నిండింది. మేనేజరు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. బస్సు వచ్చి పోయింది. తెర తెల్లబడింది.

ఎవరూ లేవలేదు. కాసేపటికి ముసలమ్మ వెనక్కి తిరిగి, తలుపు దగ్గరున్న మేనేజరును గట్టిగా అడిగింది.

"ఇంగోపారి ఏస్తరా, బిడ్డా?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. బయట ఫస్ట్ షో జనం వచ్చేశారు, గేటు కొడుతున్న చప్పుడు పైకి వినపడుతోంది. ఆయన బయటికి వెళ్లాడు. ఇక అయిపోయింది, ఆట మొదలుపెట్టమంటాడనుకున్నాను. ఉస్తాద్ మాత్రం ఏమీ విననట్టు ఆ ముక్కను చేత్తో వెనక్కి చుట్టుకుంటూనే ఉన్నాడు.

తలుపులు తెరుచుకున్నాయి. లైట్లు వేయించకుండానే మేనేజరు జనాన్ని లోపలికి పంపించాడు. ఏమిటిది అని గొణుక్కుంటూ, చీకట్లో తడుముకుంటూ వచ్చి కూర్చుంటున్నారు. ఉస్తాద్ మంట వెలిగించాడు. తెర మీద మళ్లీ మబ్బు కమ్మింది. ఆ వెలుతురులో, చీకట్లో చోటు కనపడక ముందువరస దగ్గర నిలబడిపోయిన ఒక మనిషి కనిపించాడు. ముసలమ్మ పక్కకు జరిగి బెంచీ మీద చేత్తో తట్టింది. ఆమె ఏమందో పైన మాకు వినపడలేదు. గేటు మనిషి తర్వాత చెప్పాడు.

"రా కొడుకా, కూసో. గిప్పుడే వడ్తది."